వేలంలో రైలింజన్: ఎక్కడ మునుగుతాం, ఎక్కడ మిగులుతుంది

(మోడల్ రైళ్లు సేకరించేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినపడుతోందా? వినపడకపోతే చెయ్యి ఊపండి, గొంతు పెంచుతాను.

ముందుగా ఓ ప్రశ్న. చేతులెత్తక్కర్లేదు, జవాబు మీలో మీరే చెప్పుకోండి. ఆన్‌లైన్ వేలంలో మీరు గెలుచుకున్న ఇంజన్లున్నాయి కదా, వాటిలో ముందు అనుకున్న ధర దాటకుండా వచ్చినవి ఎన్ని? ఆ, అదీ. మీ నవ్వే చెబుతోంది. ఇంకో ప్రశ్న. దాటింది ఎందుకు దాటింది? సరుకు గురించి తెలియకా? ఇక్కడున్నవాళ్లలో సగం మంది ఇంజన్ తిరగేసి చూసి ఏ దశకంలో తయారైందో చెప్పగలరు. తెలియక కాదండీ. తెలిసిందాన్ని వాడాల్సినప్పుడు వాడం. ఫోటో చూసేటప్పుడు పనికి రావాల్సిన తెలివి, గడియారం ఆఖరి నిమిషాల్లో పడ్డాక 'ఇది నాకు తెలిసిన సరుకే, ఇంతకంటే ఎక్కువే చేస్తుందిలే' అని మనకి మనమే సర్దిచెప్పుకోవడానికి పనికొస్తుంది. ఇవాళ నా మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఉల్రికే మాల్మెండియర్, యంగ్ హాన్ లీ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. ఈబే అనే వేలం సైటులో ఒక బోర్డ్ గేమ్ అమ్మకాలు చూశారు వాళ్లు. అదే గేమ్, సరికొత్తది, అదే పేజీలో స్థిరమైన ధరకి కూడా అమ్మకానికి ఉంది. పక్కనే ఉంది! నొక్కితే వచ్చేస్తుంది. అయినా నూటికి 42 వేలాల్లో పాట ఆ స్థిర ధర దాటిపోయింది. ఒక్క బోర్డ్ గేమ్ సంగతేలే అనుకుంటారేమోనని, రకరకాల సరుకులు తీసుకుని మళ్లీ చూశారు. 48 శాతం. సరే, జనమంతా వెర్రివాళ్లా? కాదు. అలా మీరి పాడినవాళ్లు మొత్తం పాడినవాళ్లలో 17 శాతమే. మరి అంత తక్కువ మందితో ఇంత పెద్ద ఫలితం ఎలా వచ్చింది? ఎందుకంటే వేలానికి మనమందరం అక్కర్లేదు. ఒక్కడు చాలు. గుంపులో ఎవడు మీరిపోతాడో వాణ్నే వెతికి పట్టుకుని సరుకు చేతిలో పెడుతుంది. కాబట్టి 'నేను మామూలుగా జాగ్రత్తగానే ఉంటాను' అనే ధీమా ఇక్కడ పనికిరాదు. జాగ్రత్తగా ఉన్న రోజున మీరు ఓడిపోతారు, అది మీకు గుర్తుండదు. ఆదమరిచిన రోజున గెలుస్తారు, అది షెల్ఫులో ఉంటుంది.

దీనికి ఇంకో పాత ప్రయోగం ఉంది, నాకు చాలా ఇష్టం. 1983లో బేజర్‌మన్, శామ్యూల్‌సన్ అనేవాళ్లు చేశారు. ఒక గాజుసీసాలో చిల్లర నాణేలు పోసి విద్యార్థుల ముందు పెట్టారు. లోపల ఉన్నది 8 డాలర్లు. ఎంతుంటుందో అంచనా వెయ్యండి, కొనడానికి పాట కూడా రాసివ్వండి అన్నారు. అంచనాల సగటు 5 డాలర్ల 13 సెంట్లు. అంటే సగటు మనిషి తక్కువే అనుకున్నాడు, జాగ్రత్తపడ్డాడు. గెలిచిన పాటల సగటు ఎంతో తెలుసా? 10 డాలర్ల 1 సెంటు! అందరూ తక్కువ అంచనా వేసినచోట కూడా గెలిచినవాడు నష్టపోయాడు. దీన్ని మొదట గమనించింది 1971లో ముగ్గురు పెట్రోలియం ఇంజనీర్లు. సముద్రంలో చమురు బ్లాకుల వేలాల్లో గెలిచిన కంపెనీలకి లాభాలు ఎందుకు మిగలడం లేదా అని చూస్తే, అక్కడా ఇదే కథ.

మన దగ్గరికి రండి. మసకగా ఒక ఫోటో. పచ్చ రంగు స్టీమ్ ఇంజన్. తొమ్మిది మంది చూస్తున్నారు. మోటార్ కాలిపోయిందనుకున్నవాడు ఒకడు. మోటార్‌కి కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయంతే అనుకున్నవాడు ఒకడు. తుడిచి చుక్క నూనె వేస్తే పరిగెడుతుందనుకున్నవాడు ఒకడు. ఎవడు గెలుస్తాడు? నూనె చుక్క మనిషే. ఫోటో ఎంత మసకగా ఉంటే అంచనాల మధ్య తేడా అంత పెరుగుతుంది, గెలిచినవాడు అంత దూరంగా పడతాడు. ఇక్కడ మన బుర్ర తిరగబడి పనిచేస్తుంది చూడండి. పోటీకి ఎక్కువమంది వచ్చారంటే మనం ఏమనుకుంటాం? 'ఇంతమంది వచ్చారంటే మంచి సరుకే అయ్యుంటుంది' అనుకుని పెంచుతాం. లెక్క ప్రకారం తగ్గించాలి. జనం పెరిగేకొద్దీ, అందులో అతి ఆశావాది మీరే అయ్యే అవకాశం పెరుగుతుంది మరి.

ఒక్క మినహాయింపు చెప్పి ముందుకి పోతాను. మీ దగ్గర ఐదు పెట్టెల రైలుంది, ఆరోది కావాలి, ఆ రంగులో ఆ నంబరుతో. అది మీకు ఎంత విలువో మీకే తెలుసు, బజారుతో పని లేదు. అక్కడ ఎక్కువ పెట్టినా నేను తప్పుపట్టను. కానీ దాన్ని తర్వాత 'పెట్టుబడి' అని ఇంట్లో చెప్పకండి.

ఇప్పుడు పాట పాడే పద్ధతి. చాలామంది దీన్ని పైపైన తెలుసుకుని వదిలేస్తారు. ఈబే లాంటి చోట మీరు గరిష్ఠ ధర ఇస్తే, సైటు దాన్ని దాచిపెట్టి, మీ తర్వాతివాడిని దాటడానికి ఎంత కావాలో అంతే మీ తరఫున పాడుతుంది. అంటే మీరు కట్టేది రెండోవాడి ధర, దానిమీద ఒక మెట్టు. ఇది ఇంటర్నెట్‌తో వచ్చిన విద్య కాదు. 1893లోనే అమెరికాలో స్టాంపుల వ్యాపారులు పోస్టులో వచ్చే పాటలకి ఇలాగే చేశారు. సేకరణ పిచ్చి ఉన్నవాళ్లే ముందు కనిపెట్టారన్నమాట, మనవాళ్లే! విలియం విక్రీ 1961లో దీనికి సిద్ధాంతం రాశాడు. ఇలాంటి వేలంలో, సరుకు మీకు ఎంత విలువో అంతా ఒక్కసారే చెప్పేయడమే మేలని నిరూపించాడు. 1996లో నోబెల్ ప్రకటించారు, పాపం మూడు రోజులకే పోయాడాయన.

ఇంత తేలికైన పద్ధతి ఉంటే మనమేం చేస్తున్నాం? వంద దాకా ఇవ్వగలం అనుకుని నలభై పెడతాం. 'మిమ్మల్ని దాటేశారు' అని సందేశం వస్తుంది. ఒళ్లు మండుతుంది. నలభై ఐదు. మళ్లీ సందేశం. యాభై. ఒకసారి పైన మన పేరు కనపడిందంటే ఆ ఇంజన్ మనదైపోతుంది, మనసులో పట్టాల మీద కూడా పెట్టేస్తాం. దాన్ని ఎవడో దాటేస్తే మన ఇంట్లోంచి ఎత్తుకుపోయినట్టే ఉంటుంది. అప్పుడు పాడేది ఇంజన్ కోసం కాదు, వాడి మీద. వందా దాటుతుంది, నూట పదీ దాటుతుంది.

మెట్లు మెట్లుగా ఎక్కేవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టే ఆఖరి సెకన్లలో పాడటం అనే విద్య పుట్టింది. అది మోసమేమీ కాదండీ. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో దీన్ని పరీక్షించారు. ఈబేలో వేలం గడియారం కొట్టగానే ఆగిపోతుంది. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది. అక్కడ చివర్లో ఎవరైనా పాడితే గడువు దానంతటదే జరిగేది, పది నిమిషాలు పాట రాకుండా గడిస్తేనే ముగిసేది. ఆఖరి క్షణం పాటలు ఈబేలో ఎక్కువ, అమెజాన్‌లో తక్కువ అని తేలింది. అర్థమైంది కదా? మీరు ఆలస్యంగా పాడితే, మెట్లు ఎక్కేవాడికి ఒళ్లు మండే సమయం ఉండదు. అంతే దాని ప్రయోజనం. కానీ గడియారం కేసి చూస్తూ కూర్చుని, ఆ ఆఖరి పది సెకన్లలో అంకె నిర్ణయించుకుంటే మాత్రం కొరివితో తల గోక్కున్నట్టే. అంకె ముందురోజే కాగితం మీద ఉండాలి. మీ బదులు ఆఖర్లో పాడిపెట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి, సైటు నియమాలు ఒప్పుకుంటే అవి వాడుకోండి, మీరు పోయి పడుకోండి.

ఆ అంకె ఎలా వెయ్యాలి? అడుగుతున్న ధరలు చూసి కాదు. అడిగేవాడు ఎంతైనా అడుగుతాడు. అమ్ముడుపోయినవాటి జాబితా చూడాలి, అందులోనూ మీ మోడల్, మీ స్థితి, పెట్టె ఉన్నదా లేనిదా అన్నీ కలిసినవి. అందులో అన్నిటికన్నా ఎక్కువ పలికినదాన్ని తీసి పక్కన పెట్టండి, ఆ రోజు ఇద్దరు పంతం పట్టి ఉంటారు. తర్వాత వెనక్కి లెక్క కట్టండి. పార్సెల్ ఖర్చు, బీమా, దేశం దాటి వస్తుంటే సుంకం, పన్ను. అసలు వేలం కంపెనీలు ఆన్‌లైన్‌లో పెట్టే వేలాల్లో కొనుగోలుదారు కమిషన్ అని ఒకటుంటుంది, పాట ధర మీద నాలుగో వంతు దాకా పోతుంది, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ. ఇంటికి చేరేసరికి నూట నలభై మించకూడదంటే, కమిషన్ ఇరవై ఐదు, పార్సెల్ పదిహేను తీసేస్తే మీరు పాడాల్సింది వందే. నూట నలభై పాడి తర్వాత కూడికలు చేస్తే లాభం లేదు.

పార్సెల్ ఖర్చు చిన్నదనుకుంటాం. హొసైన్, మోర్గన్ అని ఇద్దరు 2006లో సీడీలు, వీడియో గేములు ఈబేలో తామే వేలం వేసి చూశారు. ఒకదానికి ప్రారంభ ధర నామమాత్రంగా ఒక సెంటు పెట్టి పార్సెల్ ఖర్చు ఎక్కువ పెట్టారు. ఇంకోదానికి పార్సెల్ ఉచితం, ప్రారంభ ధర ఆ మేరకు ఎక్కువ. కొనేవాడికి మొదలయ్యేచోట మొత్తం దాదాపు ఒకటే. మొదటిదానికే ఎక్కువమంది వచ్చారు, మొత్తం డబ్బూ ఎక్కువే వచ్చింది. పట్టాల కట్టలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న లాట్, అంటే కలిపి ఒకేసారి అమ్మే సరుకు, కొనేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, అవి తూకం సరుకు. ఇంకోమాట, పాత ట్రాన్స్‌ఫార్మర్లకి నేను విలువ సున్నా వేస్తాను. దశాబ్దాల నాటి వైరు మీద తొడుగు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. దాన్ని గోడ ప్లగ్గులో పెట్టొద్దు.

సరే, లెక్కలు చాలు. సరుకులోకి వద్దాం.

డబ్బు పోయే మొదటి చోటు పేరు. 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' అని బ్రిటన్‌లో పేరున్న స్టీమ్ ఇంజన్ పేరు రాసి ఉంటుంది, పక్కన దాని మోడల్ చేసే కంపెనీ హార్న్‌బీ పేరు ఉంటుంది. ఏ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ బాబూ? హార్న్‌బీ దశాబ్దాలుగా ఆ ఇంజన్ చేస్తూనే ఉంది. పాతవాటిలో చాలావాటికి మోటార్ టెండర్‌లో, అంటే ఇంజన్ వెనక బొగ్గు మోసే బండిలో ఉంటుంది, టెండరే ఇంజన్‌ని తోస్తుంది. కొత్తవాటిలో మోటార్ ఇంజన్‌లోనే ఉంటుంది, చక్రాలు సన్నగా, వివరాలు నాజూగ్గా ఉంటాయి, డీసీసీ డీకోడర్‌కి, అంటే డిజిటల్ పద్ధతిలో నడిపించే చిప్పుకి, సాకెట్ ఉంటుంది. పేరొకటే, రంగొకటే, పాత అచ్చు ధర వేరు, కొత్త అచ్చు ధర వేరు. ఫోటోలో పట్టుకోవడం ఎలా? టెండర్ చక్రాలు చూడండి. అక్కడ రబ్బరు టైర్లు, గేర్లు కనపడితే టెండర్ తోసే రకం. ఇంజన్‌కీ టెండర్‌కీ మధ్య సన్నని వైర్లు, చిన్న ప్లగ్గు కనపడితే కొత్త తరం. పెట్టె ఉంటే ఇంకా తేలిక, హార్న్‌బీ పెట్టె చివర 'ఆర్' అక్షరంతో ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు వెతికితే జాతకం మొత్తం వస్తుంది. కాకపోతే పెట్టెలో ఉన్నది ఆ పెట్టెదేనా అన్నది కూడా చూసుకోవాలి. క్యాబ్ పక్కన రాసిన ఇంజన్ నంబరు, పెట్టె లేబుల్ మీది నంబరు కలవకపోతే, ఖాళీ పెట్టెకి ఏదో ఇంజన్ తొడిగారన్నమాట. ఖాళీ పెట్టెలు విడిగా అమ్ముడవుతాయి, పాతవాటిని పోలిన కొత్త పెట్టెలు అచ్చేసేవాళ్లూ ఉన్నారు.

లిమిటెడ్ ఎడిషన్ సర్టిఫికెట్ల మీద నాకు పెద్దగా గౌరవం లేదు, ఎవరూ నొచ్చుకోకండి. అచ్చు అదే, రంగు మారింది. ఆ రంగు వేసినవి ఇన్ని అని కాగితం ఇచ్చారు. రేపు అదే కంపెనీయో, పోటీ కంపెనీయో ఆ ఇంజన్‌కి కొత్త అచ్చు ప్రకటిస్తే, పాతదాని ధర కాగితం అడ్డుపెట్టినా నిలబడదు. అందుకే కొనేముందు ఆ తరగతి ఇంజన్‌కి కొత్త మోడల్ ఎవరైనా ప్రకటించారా అని చూడాలి. అదే వార్త తిరగేస్తే బేరం కూడా. నడిపించుకోవడానికి కొనేవాళ్లకి, నాజూకు వివరాల పట్టింపు లేనివాళ్లకి, కొత్త అచ్చు వచ్చిన ఆర్నెల్లలో పాత అచ్చు కారుచౌక.

అసలైన అరుదు వేరేలా పుడుతుంది. 1957లో అమెరికాలో లయొనెల్ కంపెనీ ఆడపిల్లల కోసమని గులాబీరంగు ఇంజన్‌తో, లేతరంగుల వ్యాగన్లతో ఒక సెట్ తెచ్చింది. ఎవరూ కొనలేదు. ఆడపిల్లలకైనా రైలు రైలులాగే కావాలి మరి! అమ్ముడుపోలేదు కాబట్టి మిగిలినవి తక్కువ, అందుకే ఇవాళ దానికి గిరాకీ. గిరాకీ ఉంది కాబట్టి నకిలీలు, మామూలు ఇంజన్‌కి గులాబీరంగు కొట్టినవి. కంపెనీయే తర్వాత మళ్లీ తయారుచేసినవీ ఉన్నాయి. అంచేత 'అరుదు' అన్న మాట వర్ణనలో కనపడితే, ఆ మాట తీసేసి మళ్లీ చదవండి. మిగిలిన వాక్యంలో సమాచారం ఏమైనా ఉందా?

ఇప్పుడు ఒక జబ్బు గురించి కాస్త నెమ్మదిగా చెబుతాను, దీనికి మందు లేదు కాబట్టి. మజాక్ అనండి, జమాక్ అనండి, జింకులో అల్యూమినియం వగైరా కలిపిన పోతలోహం. చాసిస్ అంటే కింది చట్రం, చక్రాలు, బరువులు దాంతో పోస్తారు. పోసేటప్పుడు అందులో సీసం లాంటివి ఏ కొంచెం కలిసినా, కొంచెమంటే శాతంలో వేల వంతులు, ఏళ్లు గడిచాక లోపల్నుంచి లోహం ఉబ్బి, పగిలి, చివరికి బిస్కెట్టులా విరిగిపోతుంది. యుద్ధానికి ముందు, 1930లలో చేసినవాటిలో ఎక్కువ. 'నాది కొత్తదే' అని ధీమాగా ఉండకండి, 2000 తర్వాత చేసిన కొన్నిటికి కూడా వచ్చింది. ఫోటోలో ఏం చూడాలి? ఇంజన్ పక్కనుంచి తీసిన ఫోటో పెద్దది చేయండి. పైతొడుగుకీ చాసిస్‌కీ మధ్య సందు ముందు నుంచి వెనకదాకా ఒకేలా ఉందా? ఒకవైపు తొడుగు కాస్త లేచి ఉంటే, లోపల చాసిస్ పొడవు పెరిగి తోస్తోందన్నమాట. ఇంజన్ చివర అడ్డంగా ఉండే బఫర్ బీమ్ బయటికి వంగిందా? చక్రం మీద సాలెగూడులాంటి సన్నని గీతలున్నాయా? అనుమానమొస్తే, చాసిస్ పక్కన ఉక్కు స్కేలు ఆనించి ఫోటో తీసి పంపమని అమ్మేవాణ్ని అడగండి. స్కేలుకీ చాసిస్‌కీ మధ్య వెలుతురు కనపడితే వదిలేయండి. బొమ్మ ఎంత ముద్దొచ్చినా వదిలేయండి.

అరుగుదలకి కూడా ఆనవాళ్లున్నాయి. చక్రం పట్టా మీద ఆనేచోట తెల్లని పూత పోయి ఇత్తడి పసుపు కనపడుతోందా? చాలా గంటలు తిరిగిందని. వర్ణనలో 'షెల్ఫు మీదే ఉంది, ఎప్పుడూ నడపలేదు' అని ఉంటే, ఇక మీరే చూసుకోండి. ఒక చక్రం అంచున ఖాళీ గాడి కనపడితే రబ్బరు టైరు ఊడిపోయింది. అది మాత్రం చిన్న ఖర్చు, భయపడక్కర్లేదు. భయపడేవాళ్లు పక్కకి పోతారు, మీకు చౌకగా వస్తుంది.

అలా బేరాల్లోకి వచ్చేశాం.

మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది? అమ్మేవాడికి తెలియనిచోట, కొనేవాళ్లలో ఎక్కువమందికి చూసే ఓపిక లేనిచోట. రెండూ కలవాలి. అమ్మేవాడికి తెలియకపోయినా ఫోటో బాగుంటే జనం పట్టేస్తారు. పేరు తప్పు రాస్తే, వెతికేవాళ్లకి అది కనపడదు. మార్క్‌లిన్, బాక్‌మన్ లాంటి కంపెనీల పేర్లని రకరకాల స్పెల్లింగులతో రాస్తారు, ఆ తప్పులన్నిటితో మీరు వెతకాలి. బొమ్మల విభాగంలో 'పాత రైలు, అటక మీద దొరికింది' అని పెడతారు, కంపెనీ పేరే ఉండదు. ఇప్పుడు సైట్లే స్పెల్లింగు సరిచేసి చూపిస్తున్నాయి కాబట్టి ఈ కిటుకు బలం కాస్త తగ్గింది. విభాగం తప్పిన సరుకు మాత్రం ఇంకా బాగానే దొరుకుతోంది.

గంపగుత్త లాట్లు, నా దృష్టిలో అసలు గని అదే. ఒక అట్టపెట్టె నిండా పట్టాలు, విరిగిన ప్లాట్‌ఫారం, ఇళ్లు, ఐదారు వ్యాగన్లు, అడుగున ఏదో ఇంజన్ ముక్కు. చాలామంది పైన కనపడే విరిగిన ప్లాట్‌ఫారం చూసి పోతారు. మీరు ఫోటోని నాలుగు మూలలుగా విడగొట్టి, ఒక్కో మూలా పెద్దది చేసి చూడండి. ఏం వెతకాలి? మొదట స్కేలు, అంటే అసలు రైలులో మోడల్ ఎన్నో వంతు అన్నది. హెచ్‌ఓ 87వ వంతు, బ్రిటన్‌లో వాడే ఓఓ 76వ వంతు. రెండూ నడిచేది మాత్రం 16.5 మిల్లీమీటర్ల పట్టా మీదే. పట్టా చూసి హెచ్‌ఓ అని రాసేస్తాడు అమ్మేవాడు, లోపలున్నది ఓఓ బోగీ. టీటీ అనే ఇంకా చిన్న స్కేలులో కూడా ఇదే గొడవ. 12 మిల్లీమీటర్ల పట్టా మీద ట్రయాంగ్ వాళ్ల పాత టీటీ దాదాపు 102వ వంతు, ఐరోపా టీటీ, 2022లో హార్న్‌బీ మొదలుపెట్టిన టీటీ 120వ వంతు. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉండవు. మీకు కావాల్సిన స్కేలు వేరే పేరుతో అమ్ముడవుతుంటే, ఆ పేరు నమ్మి వచ్చినవాళ్లు ఫోటో చూసి వెనక్కి పోతారు, మీరొక్కరే మిగులుతారు.

తర్వాత ఇంజన్ పొట్ట. కింద మధ్యలో పొడవాటి సన్నని రేకు, స్కీ లాంటిది ఉంటే అది మార్క్‌లిన్ తరహా. మధ్యనుంచి కరెంటు తీసుకునే ఏసీ పద్ధతి. దాని చక్రాలకి ఇన్సులేషన్ ఉండదు, రెండు పట్టాల లేఅవుట్ మీద పెడితే షార్ట్. వ్యాగన్ పెట్టినా షార్టే, చక్రాలు మార్చాలి. హార్న్‌బీ డబ్లో అనే పాత రకం కూడా 1938లో వచ్చినప్పట్నుంచి మూడు పట్టాలదే, రెండు పట్టాలవి 1959లో వచ్చాయి. కానీ డబ్లో డీసీ. అంటే మూడో పట్టా ఉంది కదా అని మార్క్‌లిన్ మనిషి డబ్లో కొన్నా పనికిరాదు. ఇవేవీ వర్ణనలో ఉండవు. 'పాత హెచ్‌ఓ ఇంజన్, పరీక్షించలేదు' అని ఉంటుంది. పొట్ట ఫోటో లేకపోతే అడగండి. అడిగినప్పుడు 'ఇది మార్క్‌లినా?' అని రాయకండి, ఆ జవాబు పేజీలో అందరికీ కనపడేచోట వెయ్యొచ్చు. 'కింది భాగం ఫోటో ఒకటి పెట్టగలరా' అంటే చాలు.

'పరీక్షించలేదు' అన్న మాట గురించి ఒక ముక్క. ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు వైరు ముక్కలు చాలు మామూలు డీసీ ఇంజన్ పరీక్షించడానికి. పది ఇంజన్లు అమ్ముతూ మిగతా తొమ్మిదీ నడిచాయని రాసి, ఒక్కదానికి పరీక్షించలేదని రాశాడంటే ఏం అర్థం చేసుకోవాలి? పరీక్షించాడనే. అదే ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ, పాత్రలూ పుస్తకాలతోపాటు రైలు కూడా అమ్ముతుంటే, ఆ మాట నిజమే అయ్యుంటుంది. అమ్మేవాడి మిగతా సరుకు చూడకుండా ఈ మాటకి అర్థం కట్టొద్దు. పాత ఇంజన్ కదలకపోవడానికి మామూలు కారణం గడ్డకట్టిన నూనె, మోటార్‌లో బ్రష్‌లు ఆనేచోట మకిలి పట్టిన కమ్యుటేటర్. నైలాన్ గేరు చీలితే నడుస్తుంది కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ టిక్కుమంటుంది. వీడియో ఉంటే సౌండు పెంచి వినండి. మారే గేరు దొరికే మోడలైతే అది కూడా బేరమే.

ఎవరో చెయ్యెత్తారు... అమ్మేవాడే వేరే పేరుతో పాడి ధర పెంచితే ఎలా అంటున్నారు. ఉంది, జరుగుతుంది. సైట్ల నియమాలకి విరుద్ధం, చాలా దేశాల్లో చట్టానికి కూడా. పాటల చరిత్ర చూడండి. ఒకే ఐడీ ఎప్పుడూ ఆ అమ్మేవాడి సరుకుకే పాడుతూ, ఎప్పుడూ గెలవకుండా ఉంటే అనుమానించాలి. మీ గరిష్ఠం ముందే పెట్టేస్తే దాని దాకా తోసుకుపోవడానికి వాడికి వారం రోజులుంటాయి. ఆఖర్లో పాడితే ఉండవు. ఇంకోటి, మీరు ఓడిపోయాక 'గెలిచినవారు కొనలేదు, మీ ధరకే ఇస్తాం' అని కబురు వస్తుంది. పరుగెత్తకండి. ఆ గెలిచినవాడు లేకపోయుంటే పాట ఎక్కడ ఆగేదో చరిత్రలో చూసి, ఆ ధరకైతే తీసుకుంటానని రాయండి.

మరో ప్రశ్న... అవును, ఇది అడగాల్సిందే. సరుకు విలువ మనకి తెలిసి, అమ్మేవాడికి తెలియకపోతే, చెప్పకుండా కొనడం న్యాయమా? వ్యాపారి అమ్ముతుంటే నాకు దిగులు లేదు. చూసుకోవడం అతని పని. పోయినవాళ్ల సేకరణని ఇంట్లోవాళ్లు ఏం తెలియక అమ్ముతుంటే మాత్రం నేను చెప్పేస్తాను. మీరూ చెప్పాలని ఎవరూ శాసించలేరు. కానీ వాళ్లే 'దీనికి విలువేమైనా ఉందాండీ' అని అడిగినప్పుడు లేదని అబద్ధం చెప్పకూడదు, అంతవరకు మాత్రం గట్టిగా అంటాను.

టైమైపోతోంది, పార్సెల్ సంగతి చెప్పి ఆపేస్తాను. డబ్బు కట్టగానే అమ్మేవాడికి మర్యాదగా ఒక సందేశం పెట్టండి. ఇంజన్, టెండర్ విడివిడిగా చుట్టమని, బరువైనవాటిని ఒకే అరలో వెయ్యొద్దని. పెట్టె కదిపితే లోపల ఏదీ కదలకూడదని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. వచ్చాక విప్పేటప్పుడు లేబుల్ కనపడేలా వీడియో తీయండి. వెంటనే పట్టాల మీద పెట్టి ఫుల్ స్పీడు ఇవ్వకండి. ముందు చక్రాలు చేత్తో తాకి చూసి, పాత నూనె తుడిచి, తక్కువ వోల్టేజీతో రెండువైపులా నడిపి చూడండి. వర్ణనతో కలవనిది ఏదున్నా తిరిగి పంపే గడువులోపలే రాయండి. ఆ గడువు పార్సెల్ ఇంటికి చేరిన రోజు నుంచి లెక్క, మీకు తీరిక దొరికి విప్పిన రోజు నుంచి కాదు. గెలిచిన సంబరంలో తెచ్చి మంచం కిందికి తోసేసిన పార్సెళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే, ఇవాళ ఇంటికెళ్లాక విప్పి చూసుకోండి. నమస్కారం.